ఫ్రీ చేశాక కూడా

పోయిన సెమిస్టర్ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ ఇంటర్నల్‌లో నాకు లింక్డ్ లిస్ట్ వచ్చింది. ఇన్‌సర్ట్, డిస్‌ప్లే అన్నీ బాగానే పనిచేశాయి. మేడమ్ వచ్చి, లిస్ట్ మొత్తం డిలీట్ చేసే ఆప్షన్‌ని వరసగా రెండుసార్లు నొక్కారు. ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోయింది. స్క్రీన్ మీద ‘డబుల్ ఫ్రీ’ అని ఎర్రర్.

నాకు అర్థం కాలేదు. నేను జాగ్రత్త పడ్డాను కదా! పాయింటర్ నల్ కాకపోతేనే ఫ్రీ చెయ్యమని ఇఫ్ పెట్టాను. అదే చూపించాను. “ఆ ఇఫ్ అవసరమే లేదు. నల్‌ని ఫ్రీ చేస్తే ఏమీ జరగదని సి స్టాండర్డే చెప్తుంది. సరే, ఫ్రీ చేశాక నీ హెడ్‌లో ఏముంది?” అని అడిగారు మేడమ్.

పాత అడ్రసే ఉంది. ఫ్రీకి మనం ఇచ్చేది అడ్రస్ కాపీ మాత్రమే. అది మెమరీని వెనక్కి తీసుకుంటుంది గానీ మన పాయింటర్ జోలికి రాదు. అందుకే నా ఇఫ్‌కి అంతా సవ్యంగానే కనిపించింది. చివర్లో హెడ్‌ని నల్ చేసే ఒక్క లైన్ రాసుంటే సరిపోయేది. రెండు మార్కులు పోయాయి.

ఆ ఆదివారం ఇంటికెళ్లాను. తాతయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. అమ్మ ఎవరికో ఫోన్ చేయబోయి పొరపాటున తాతయ్య నంబర్ నొక్కింది. రింగయింది. ఎవరో కుర్రాడు “హలో, ఎవరండీ?” అన్నాడు. అమ్మ ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుంది.

వాడకంలో లేని నంబర్‌ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. మాలాక్ కూడా అంతే, ఫ్రీ చేసిన చోటుని వేరే డేటాకి ఇస్తుంది. కాబట్టి పాత అడ్రస్‌కి వెళ్తే ప్రతిసారీ క్రాష్ అవ్వాలని లేదు. ఒక్కోసారి వేరేవాళ్లు పలుకుతారు. దానికంటే క్రాషే నయం, తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

నా ఫోన్‌లో ఆ నంబర్ ఎప్పుడో తీసేశాను. కానీ అమ్మ ఫోన్‌లో ఉందిగా! కోడ్‌లోనూ ఇదే చిక్కు. హెడ్‌ని నల్ చేస్తే హెడ్ ఒక్కటే నల్ అవుతుంది. టెయిల్‌లో ఉన్న పాత అడ్రస్ అలాగే ఉండిపోతుంది. ఎక్కడెక్కడ కాపీలున్నాయో మనమే చూసుకోవాలి.

“తీసెయ్యనా అమ్మా?” అని అడిగాను.

“పేరు ఉండనీరా. నంబర్ తీసెయ్” అంది.

ఇప్పుడు అమ్మ ఫోన్‌లో ‘నాన్న’ అని పేరు మాత్రం ఉంది. పొరపాటున నొక్కినా ఎక్కడికీ పోదు.