మా ఖాళీ ఇల్లు

నేను తాపీ పని చేస్తాను. ఏ ఊరు వెళ్లినా ముందు గోడలే చూస్తాను. ఒకసారి ఖమ్మంలో పని చేస్తున్న వీధిలో ఒక పాత పెంకుటింటికి నోటీసు అంటించి ఉంది. ఇల్లు పడిపోయేలా ఉంది, యజమాని బాగు చేయించాలి, లేదా కూల్చాలి అని దాని సారాంశం. కూడబలుక్కుని చదివాను. ఆ ఇంట్లో ఎవరూ లేరు. అయినా దానికో నంబరుంది, పన్ను పుస్తకంలో ఒక పేరుంది. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

మా ఇల్లు బస్తరులో, ఇప్పటి బీజాపూర్ జిల్లాలో ఉండేది. మట్టి గోడలు, పైన నాటు పెంకు, వాకిట్లో ఇప్పచెట్టు. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్లను రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. వెళ్లనివారు అడవి పట్టారు. ఇరువైపులా భయమే. అప్పటి దంతెవాడ జిల్లాలో 600కు పైగా గ్రామాలు ఆ దెబ్బ తిన్నాయి. మేము వరికోతలకు ముందే చర్ల వైపు నడిచి వచ్చేశాం. మాకు తాళం ఎప్పుడూ లేదు. అమ్మ గొళ్లెంలో ఒక పుల్ల గుచ్చింది, అంతే.

గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఇక్కడ అడవిలో మేము వేసుకున్న గుడిసెను రెండుసార్లు పీకేశారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉండాలి. మేము ఇక్కడ విత్తనం వేసింది ఆ మరుసటి ఏడు.

మొన్న వేసవిలో నాన్నను తీసుకుని మా ఊరు వెళ్లాను.

“ఏం మిగిలి ఉంటుంది నాన్నా?” అన్నాను.

“బావి ఉంటుంది గదరా” అన్నాడు.

మట్టి ఇంటికి మనిషి కావాలి. ఏటా పెంకు సర్దాలి, గోడ అలకాలి. పొయ్యి పొగ తగలకపోతే వాసాలకు పురుగు పడుతుంది. ఒక్క పెంకు జారితే చాలు, వాన నేరుగా గోడ తల మీద పడుతుంది. మా గోడలు దిబ్బలయ్యాయి. అరుగు రాళ్లు, రోలు, బావి మిగిలాయి. ఇప్పచెట్టు మాత్రం రెట్టింపయింది. దాని పూలు ఎవరు ఏరుకుంటున్నారో!

అదే చట్టంలో ఇంకో మాట ఉందని ఒక మాస్టారు చెప్పారు. ఆ తేదీకి ముందు అక్రమంగా వెళ్లగొట్టబడి, పునరావాసం అందనివారు పాతచోటనే గానీ బదులు భూమి గానీ అడగవచ్చు. అర్జీ మొదట గ్రామసభకు చేరాలి. 2008 నుంచి అమలులో ఉన్న నిబంధనల్లో సాక్ష్యాల జాబితా ఉంది. అందులో ఇల్లు, గుడిసె, బావి, శ్మశానం ఉన్నాయి. పెద్దల వాంగ్మూలం కూడా చెల్లుతుంది. కాని అది అర్జీదారుడు కాక వేరేవారు చెప్పింది కావాలి, కాగితం మీద రాసి ఉండాలి.

ఊరికి తిరిగి వచ్చిన ఒక అవ్వ ఉంది. ఆమె దగ్గర కూర్చుని నోటుపుస్తకం తెరిచాను. ముందు తెలుగులో రాసుకుని, తరువాత హిందీలో రాయించాలి.

“అవ్వా, మా ఇంటి వాకిలి ఎటు ఉండేది?”

“తూర్పుకు. రోలు ఎడమ పక్క. మీ అమ్మ అక్కడే దంచేది.”

రోలు, ఎడమ పక్క అని రాశాను.