పెట్టెలో ఈగ... మోడులో తుమ్మెద

‘‘అమ్మా, ఈ మోడు కొట్టేస్తున్నా. పొయ్యిలోకి పనికొస్తుంది.’’

‘‘దాని జోలికి పోకురా. అందులో తుమ్మెదలున్నాయి.’’

నంద్యాల దగ్గరి ఓ పల్లెలో, పెరట్లో ఎండిపోయిన మునగచెట్టు కింద తల్లీకొడుకుల వాదన ఇది. కొడుకు పొద్దుతిరుగుడు వేశాడు. గట్టు మీద తేనెటీగల పెట్టెలు పెట్టించాడు. గింజ బాగా పట్టింది, తేనె కూడా దక్కింది. ‘ఇన్ని ఈగలుండగా ఈ తుమ్మెదలెందుకు?’ అన్నది అతని ప్రశ్న.

ఆ పెట్టెల్లోవి ఇటాలియన్ తేనెటీగలు. 1962లో నగ్రోటాలో వీటి పెంపకం మన దేశంలో నిలదొక్కుకుంది. అప్పట్లో పంజాబ్‌లో ఉన్న ఆ ఊరు ఇప్పుడు హిమాచల్‌ప్రదేశ్‌లో ఉంది. మన తొర్ర తేనెటీగల కన్నా ఇవి కొన్ని రెట్లు ఎక్కువ తేనె ఇస్తాయి. గూడు వదిలి ఎగిరిపోవడమూ తక్కువే. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో దేశవాళీ ఈగలను దెబ్బతీసినప్పుడు, కేరళలో చాలామంది పెంపకందారులను ఆదుకున్నవి ఇవే. కాబట్టి కొడుకు మాటా కొట్టిపారేయలేం.

కానీ తల్లి దిగులు వంగమొక్కల గురించి. వంగపువ్వులో పుప్పొడి సన్నటి గొట్టాల్లో దాగి ఉంటుంది. బయటికి రావడానికి వాటి చివరనున్న చిన్న చిల్లులే దారి. తుమ్మెద ఆ పువ్వును పట్టుకుని, ఛాతీ కండరాలను జుమ్మని అదిరిస్తుంది. పౌడర్ డబ్బాను కుదిపినట్టు పుప్పొడి రాలుతుంది. టమాటా పువ్వుకూ అంతే. గాలికి కొంత రాలినా, తుమ్మెద వాలితే కాయ మరింత బాగా కడుతుంది. ఈ విద్య తేనెటీగకు రాదు... ఇటాలియన్‌దైనా, మనదైనా!

పైగా పెట్టెలోని వేల ఈగలకు యజమాని ఉన్నాడు. పూత అయిపోతే లారీ ఎక్కించి మరో ఊరు తీసుకెళ్తాడు. తుమ్మెదకు ఎవరున్నారు? ఎండుకొమ్మలో తొలుచుకున్న సొరంగమే దానికి ఇల్లు. ఒక్కో గదిలో ఓ పుప్పొడి ముద్ద, ఓ గుడ్డు. మోడు పొయ్యిలో పడితే పిల్లలూ బూడిదే. పూత తగ్గాక కూడా పెట్టెలు కిక్కిరిసి ఉంటే, ఆ నాలుగు పూల కోసమూ పోటీ తప్పదు. జబ్బులూ పూల మీదుగా ఒకదాన్నుంచి మరొకదానికి పాకుతాయి.

కొడుకు గొడ్డలి గోడకానించాడు. పొద్దుతిరుగుడు పూత వాడగానే పెట్టెలు తీసుకెళ్లమని వాటి యజమానికి ఫోన్ చేశాడు.

‘‘సరేగానీ... గుత్తివంకాయ కూర ఎప్పుడమ్మా?’’

‘‘తుమ్మెదనడుగు!’’