నేల కనబడాలి

తెలంగాణలో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు 300, 365, 430 అని మూడు కొలతల్లో ఉన్నాయి. సొంతంగా ఫ్లాటు కొనేవాళ్లకు బ్రోచర్‌లో వెయ్యి అని కనిపిస్తుంది గానీ, ఆ వెయ్యిలో మెట్లూ, లిఫ్టూ, కారిడారూ, కింద వాచ్‌మన్ కుర్చీ వేసుకునే జాగా కూడా తలా కొంత కలిసి ఉంటాయి. ఇంటి లోపల వాడుకునే నేల, అంటే కార్పెట్ ఏరియా లెక్కన అమ్మమని 2016 నాటి రెరా చట్టం చెప్పింది. అయినా ‘ఎన్ని ఎస్సెఫ్టీ?’ అని ఎవరైనా అడిగితే మన నోట వచ్చేది ఆ పెద్ద అంకే. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, ఖాళీ హాల్లో చాపలు పరుచుకుని కూర్చుంటే ఇల్లు భలే విశాలంగా ఉంటుంది. మర్నాడు సామాన్ల వ్యాన్ వస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి అదే హాల్లో పక్కకి ఒదిగి నడుస్తుంటాం.

ఇల్లు కుంచించుకుపోలేదు, నేల కనబడకుండా పోయింది. గదిని కన్ను టేపు పెట్టి కొలవదు కదా. ఈ గోడ నుంచి ఆ గోడదాకా నేల ఎంతమేర అడ్డం లేకుండా కనిపిస్తే గది అంత ఉందనుకుంటుంది. అందుకే కాళ్లున్న సోఫా కింద నాలుగు వేళ్ల వెలుతురు కనిపిస్తే చాలు, అది తక్కువ చోటు తిన్నట్టుంటుంది. నేలకు అతుక్కుని కూర్చున్న సోఫా అంతే కొలతలో ఉన్నా గోడలా అడ్డుపడుతుంది. హాలుకి ఒక రంగు, పడగ్గదికి మరో రంగు టైల్స్ వేయిస్తే ఉన్న ఇల్లు ముక్కలైనట్టు కనబడుతుంది. అంతటా ఒకే టైల్ పరిపించండి, అదీ లేత రంగుది.

ఇప్పుడు ఒక పడగ్గది లెక్క చూద్దాం. పది బై పది గది, అంటే 100 చదరపు అడుగులు. కింగ్ సైజు పరుపు ఆరు బై ఆరున్నర. దానికే 39 పోయాయి. తలవైపు చెక్కడాల పలకతో మంచం ఇంకా పెద్దది. మూడడుగుల తలుపు తెరిచి మూయడానికి దాదాపు 7 చదరపు అడుగుల నేల మీదుగా తిరుగుతుంది, ఆ మేరలో ఏదీ పెట్టడానికి లేదు. పక్కకు జరిగే తలుపు పెట్టించుకున్నవాళ్లకు ఆ ఏడూ మిగులుతాయి. ఇక బీరువా. వాస్తు ప్రకారం నైరుతిలో ఉండాలి, ఉత్తరానికి తెరుచుకోవాలి. దాని తలుపుల ముందు మనిషి నిలబడాలి. బీరువా మీద పెద్ద సూట్‌కేసు, అందులో చిన్న సూట్‌కేసు, అందులో ఇంకా చిన్నది. మిగిలిన సందులో మనం.

హాలు సంగతి వేరు. అక్కడ సామాను మన కోసం కాదు, వచ్చేవాళ్ల కోసం. త్రీ ప్లస్ వన్ ప్లస్ వన్ సోఫా, గాజు టీపాయి, గోడంతా షోకేసు. చుట్టాలొచ్చే ఆ నాలుగు పండగ రోజుల కోసం ఏడాదంతా మోకాళ్లకు టీపాయి మూలలు తగిలించుకుంటూ తిరుగుతాం. నిజంగా చుట్టాలొచ్చిన నాడేమో అందరూ సోఫా వదిలేసి కింద జంబుఖానా పరుచుకునే కబుర్లలో పడతారు. చిన్న ఇంటికి అసలైన ఫర్నిచర్ ఏదని నన్నడిగితే, అందరూ చిన్నచూపు చూసే ప్లాస్టిక్ కుర్చీ పేరే చెబుతాను. ఆరు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒక్క కుర్చీ జాగాలో నిలబడతాయి. ఇటాలియన్ సోఫాలు ఈ పని చెయ్యలేవు.

మండువా లోగిళ్లను తలుచుకుని నిట్టూర్చడం నాకు పెద్దగా నచ్చదు. మన తాతల్లో మండువా ఇళ్లున్నవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది పెరిగింది ఒక వసారా, ఒక గది, ఒక వంటిల్లు ఉన్న పెంకుటిళ్లలో, అదీ ఎనిమిది మందితో. అయినా ఆ వసారా ఇరుకనిపించకపోవడానికి కారణం ఉంది. అక్కడ సామాను వేళను బట్టి వచ్చి పోయేది. రాత్రి పరుపుచుట్ట విప్పితే పడగ్గది, తెల్లారి చుట్టేస్తే చదువుల గది, మధ్యాహ్నం పీటలు వాలిస్తే భోజనాల గది. భోజనాలయ్యాక పీటలు గోడకి ఆనుకునేవి, మడత మంచం తలుపు వెనక్కి పోయేది. బట్టలకు దండెం, పెరుగుకు ఉట్టి, దీపానికి గోడలోనే గూడు. నేల మీద శాశ్వతంగా పాతుకుపోయినవి భోషాణమో, ట్రంకు పెట్టెలో తప్ప మరేవీ ఉండేవి కావు. ఇప్పటి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో గూడు తొలవలేం గానీ, గోడకు బిగించి మడిచిపెట్టే భోజనాల బల్ల, పగలు దివాన్‌గా ఉండి రాత్రి పడకయ్యే మంచం, సీలింగుకు పుల్లీలతో వేలాడే దండెం దొరుకుతున్నాయి. అడుగున సామాను అరలున్న బాక్స్ మంచం కూడా మంచిదే, అది వచ్చాక ఒక బీరువా బయటికి పోయేటట్టయితేనే. లేదంటే పాత దుప్పట్లకు మరో గిడ్డంగి.

రంగుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెల్లగోడ తన మీద పడ్డ వెలుతురులో చాలావరకు వెనక్కి పంపిస్తుంది, ముదురు మెరూన్ గోడ మింగేస్తుంది. కిటికీకి ఎదురుగా అద్దం పెడితే గదికి ఇంకో కిటికీ వచ్చినట్టే. కర్టెన్ రాడ్ కిటికీ నెత్తిన కాకుండా సీలింగు దగ్గర బిగించి, నేలదాకా వదిలితే గది ఎత్తు పెరిగినట్టుంటుంది. ఉన్న తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో అర్ధ అడుగు తగ్గించుకోవడానికి డబ్బిచ్చి మరీ ఫాల్స్ సీలింగ్ వేయించుకోవడం మాత్రం నాకెప్పటికీ అర్థం కాదు. బాల్కనీకి అల్యూమినియం తలుపులు బిగించి, సగం సామానుతో నింపేవాళ్లదీ అదే దారి. అరగది వస్తుంది, హాలుకి గాలీ వెలుతురూ పోతాయి.

అన్నిటికన్నా కష్టమైన చోటు సజ్జ. టీవీ అట్టపెట్టె అక్కడే ఉంటుంది, ఇల్లు మారితే పనికొస్తుందని. ఉంటున్నది సొంత ఇల్లు, మారేదెక్కడికి? పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు ఇంకొకరికి ఇవ్వలేం, ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి. బొమ్మల కొలువు పెట్టెను మాత్రం కదపకండి, ఏడాదికోసారైనా కిందికి దిగేది అదొక్కటే.

కొత్తగా మంచమో సోఫానో కొనే ముందు ఒక పని చెయ్యండి. దాని పొడవు, వెడల్పు ప్రకారం పాత పేపర్లు నేల మీద అంటించి, రెండ్రోజులు వాటిని తొక్కకుండా తిరిగి చూడండి. ఇల్లు ఊడ్చే ఆవిడ అభిప్రాయం కూడా అడగండి. ఆ తర్వాత కూడా అదే కావాలనిపిస్తే కొనుక్కోండి, కాకపోతే కాళ్లున్నది కొనండి.