కొడవలి పట్టిన మోంత్సెరాత్

ఈ వారం ఒక ఇనుప పనివాడి గురించి రాస్తున్నాను. పేరు హూలియో గొంజాలెజ్. పికాసో మీ అందరికీ తెలుసు. ఆ పికాసోకు ఇనుము అతకడం దగ్గరుండి చూపించినవాడు ఈయనే.

1876లో కాటలోనియాలోని బార్సిలోనాలో పుట్టాడు. నాన్నది లోహపు పనుల కార్ఖానా. అన్న జోన్‌తో కలిసి అక్కడే పని నేర్చుకున్నాడు. పగలు సుత్తి, సాయంత్రం డ్రాయింగ్ క్లాసులు. తర్వాత పారిస్ వెళ్లాడు. నగలు, లోహపు వస్తువులు చేసి అమ్ముకుంటూ, బొమ్మలు వేసుకుంటూ దశాబ్దాలు గడిపాడు. 1918లో రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత, 1928లో, ఇనుముతో శిల్పం చేయాలని పికాసో ఆయన దగ్గరికి వచ్చాడు. 1932 దాకా కలిసి పనిచేశారు. శిల్పమే తన అసలు పని అని గొంజాలెజ్ తేల్చుకునేసరికి యాభై దాటింది.

ఇది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయనా గ్యాస్ వెల్డరే. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాడు. ఒకసారి ఒక పెద్దింటి గేటుకు కాగితం మీద గీత కూడా లేకుండా ఇనుప చువ్వలు వంచి నెమలిని చేశాడు. ఊరంతా ఆగి చూశారు. గృహప్రవేశం రోజు మాత్రం ఆయనకు భోజనం ఆ గేటు బయటే పెట్టారు. ఆయన్ని ఆర్టిస్టు అని ఎవరూ అనలేదు. ఆయనా అనుకోలేదు.

రెండు బతుకులూ ఒకటేనని నేను అనను. గొంజాలెజ్‌ది సొంత కార్ఖానా ఉన్న కుటుంబం. చేతిపనికి, కళకు మధ్య ఉన్న గీతను దాటడానికి ఆయనకు సగం జీవితం పట్టింది. మా నాన్న ముందు ఆ గీతతోపాటు కులం గోడ కూడా ఉంది. ఆ తేడా మరచిపోయి పోలిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ఇక అసలు విషయానికి వస్తాను. మోంత్సెరాత్ అంటే కాటలోనియాలో ఒక కొండ. అక్కడి నల్లని మేరీమాత వాళ్ల రక్షకదేవత. ఆడపిల్లలకూ ఆ పేరు పెట్టుకుంటారు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక గొంజాలెజ్ ఆ పేరుతో ఒక శిల్పం చేశాడు. అది సింహాసనం మీద కూర్చున్న దేవత కాదు. తలకు గుడ్డ కట్టుకున్న రైతు స్త్రీ. ఒక చేతిలో కొడవలి, భుజాన బిడ్డ, కాస్త పైకెత్తిన తల. ఇనుప రేకును సాగగొట్టి, అతికి, దాదాపు మనిషంత ఎత్తున నిలబెట్టాడు. 1937 పారిస్ ప్రదర్శనలో, గెర్నికా చిత్రం ఉన్న స్పెయిన్ పెవిలియన్‌లోనే ఈమె కూడా నిలబడింది. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉంది.

తర్వాత ఫ్రాన్స్‌ను నాజీలు ఆక్రమించారు. వెల్డింగ్‌కు గ్యాస్ దొరకలేదు. ఆయన కాగితం, ప్లాస్టర్ పట్టుకుని మళ్లీ మోంత్సెరాత్‌నే చేశాడు. ఈసారి ఆమె నోరు తెరిచి అరుస్తోంది. 1942 మార్చిలో ఆయన చనిపోయాడు.

ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రెండు మోంత్సెరాత్‌ల ఫొటోలు వెతికి పక్కపక్కన పెట్టి చూడండి. దేవత పేరు పెట్టి కూలి తల్లిని నిలబెట్టడానికి ఆయన వాడినవి కార్ఖానాలో నేర్చిన పనిముట్లే. మీ ఇళ్లలోనూ అలాంటి పనిముట్లు ఉంటాయి. వాటిని క్లాసులోకి తీసుకెళ్లడానికి సిగ్గుపడకండి.