మా యింటి పంచాంగములు

ఉద్యోగవిరమణము చేసిన తరువాత నేను పుస్తకములు కుట్టుట నేర్చుకొంటిని. కుట్టుట యనగా రచించుట యని కొందరు మిత్రులు పొరబడిరి. కాదు, సూదియు దారమును పట్టి నిజముగా కుట్టుటయే. ముప్పదియైదేండ్ల కొలువులో అట్టలూడి ఆకులు జారిపోవుచున్న పుస్తకములను ఎన్నింటినో చూచితిని. చూచి విచారించుటయే గాని వానిని బాగుచేయు తీరిక అన్నాళ్లును నాకు దొరకలేదు.

పని చిన్నదే కాని దానికొక క్రమమున్నది. ముందుగా పాత కుట్లు విప్పి పుస్తకమును ఫారములుగా విడదీయవలెను. ఒక్కొక్క ఫారము నడిమి మడతలో సూది గ్రుచ్చి, ప్రక్క ఫారముతో ముడివేయుచు పోవలెను. పిదప వీపునకు గుడ్డ అంటించి, అట్ట వేసి, పైన బరువు పెట్టవలెను. బరువునకు మా రుబ్బురోటి పొత్రమును మించిన వస్తువు నాకు కనబడలేదు. గారెలు వండు దినమున మాత్రము పొత్రమునకును పుస్తకమునకును వియోగము తప్పదు. అంటించుటకు మైదాపిండిని నీట కలిపి సన్నని సెగను ఉడికించినచో చక్కని జిగురగును. అందు చిటికెడు మైలుతుత్తము చేర్చినచో పురుగు పుస్తకముల జోలికి రాదు. మైలుతుత్తము విషము. కావున ఆ గిన్నె వంటయింటి గడప దాటరాదని నా భార్య శాసించెను. ఆ శాసనము న్యాయమైనదే. పెరటిలో మామిడిచెట్టు క్రింద మూడురాళ్ల పొయ్యి పెట్టుకొని నా జిగురు నేను వండుకొనుచుందును.

మా యూరు కోనసీమలో అమలాపురమునకు ఆరు మైళ్ల దూరమున కాలువగట్టున నున్నది. 2024 ఫాల్గుణ మాసమున ఒకనాడు, కుట్టవలసిన పుస్తకములేమైన మిగిలెనేమో యని అటక యెక్కి వెదకితిని. ఒక మూల పాతచీర ముక్కతో కట్టిన మూట యొకటి కనబడెను. విప్పి చూడగా అన్నియు పంచాంగములు. రక్తాక్షి నామ సంవత్సరము, అనగా మా వివాహమైన 1984, మొదలు నలుబది యేండ్లవి.

పంచాంగమనగా తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను అయిదు అంగములను దినదినమునకు తెలుపు పుస్తకము. ఉగాదినాడు క్రొత్తది వచ్చును. ఆ దినముతో పాతదాని ఆయువు తీరిపోవును. పాత పంచాంగముతో ఎవరికి పని? వీనిని ఎందుకు దాచితివని నా భార్య నడిగితిని.

"ఎప్పుడైనా పనికొస్తాయని" అని చెప్పి ఆమె తన పనిలో మునిగెను.

ఒకదానిని తెరచి చూచితిని. ప్రక్క అంచులలో, ఇరుకైన చోట, సన్నని పెన్సిలు వ్రాత కనబడెను. "మావిడి పూత కనపడింది." మరి రెండు పుటల తరువాత "కోయిల కూసింది." "చింతపండు కొట్టించాం." "కాలువ కట్టేశారు. చెరువు నిండింది." "ఆవకాయకి కాయ కొన్నాం." ప్రతి మాటయు ఆయా తిథికి ఎదురుగా నుండెను. నా భార్య అయిదవ తరగతి వరకు చదివినది. ఆమె ఇట్టి లెక్క యొకటి వ్రాసికొనుచున్నదని నలుబది యేండ్లుగా ఒకే యింట నున్న నాకు తెలియదు.

ఆ పంచాంగములనే కుట్టుటకు పూనుకొంటిని. అప్పుడు నేను చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. చేతికి అలవాటైనది కదా, ఎఱ్ఱసిరా కలము తీసి "మావిడి"ని "మామిడి"గను, "కనపడింది"ని "కనబడినది"గను దిద్దితిని. రెండు పంచాంగములు సాంతముగా దిద్దిన పిమ్మట గాని, నేను దిద్దుచున్నదేమో చదువుట మొదలుపెట్టలేదు.

చదువగా నాకు మొదట దొరకినది నా తప్పే. వసంతము రాగా మామిడి పూచుననియు, దాని చిగుళ్లు మెక్కి కోయిల కూయుననియు నేను ఏటేటా పిల్లలకు చెప్పితిని. కావ్యములలో అట్లే యున్నది. నా భార్య లెక్కలో మామిడి ఒక్కయేడైనను చైత్రమున పూయలేదు. ఒకయేడు పుష్యమున, ఒకయేడు మాఘమున పూచెను. చైత్రము నాటికి చెట్టున నున్నది కాయ. కానిచో ఉగాది పచ్చడిలోనికి మామిడి ముక్కలెచ్చటి నుండి వచ్చును? నాలుకకు ప్రతియేడును తెలిసిన ఈ సంగతి నా బుద్ధికి ఒక్కమారైనను తట్టలేదు. ఉగాదికి పూచునది వేప. కోయిల సంగతియు నిట్టిదే. అది వసంతమునకు ఎచ్చటి నుండియో వచ్చునది కాదు. ఏడాది పొడుగున మన చెట్లలోనే యుండి, చలి తగ్గగానే గొంతు విప్పును. కూయునది మగపక్షి; నల్లగా నుండును. ఆడుది గోధుమవన్నె మీద చుక్కలతో నుండును. పెద్ద తిండి పండ్లును పురుగులును గాని చిగుళ్లు కావు. ఇవన్నియు మా పెరటిలోనే జరుగుచుండగా నేను పుస్తకమున చదివి చెప్పితిని.

పెరటిలో లేకపోవుటకు నాకొక కారణము లేకపోలేదు. ఉపాధ్యాయునకు ఫాల్గుణమనగా పరీక్షలు, చైత్రమనగా జవాబు పత్రములు. ముప్పదియైదు వసంతములును నాకు గంటల మ్రోతలోను, ఎఱ్ఱసిరాలోను గడచిపోయెను.

అక్షయ నామ సంవత్సరపు పంచాంగము నీట తడిసి ముద్దయై యుండెను. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదలో మా యింటిలోనికి మోకాలిలోతు నీరు వచ్చెను. పేరు అక్షయమైనను ఆ యేటి పెన్సిలు వ్రాతలో ఒక్క అక్షరము నిలువలేదు. ధాత నామ సంవత్సరపుది మాత్రము స్పష్టముగా నున్నది. 1996 నవంబరు 6వ తేదీన, దీపావళికి నాలుగు దినములు ముందు, కోనసీమను తుపాను చెండాడిన యేడది. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరిచెట్లు లక్షలుగా కూలెను. మా మామిడి నడుమకు చీలి, ఒక్క కొమ్మతో నిలిచెను. ఆ దినమునకు ఎదురుగా ఆమె ఏమియు వ్రాయలేదు. మాఘ మాసమునకు వచ్చుసరికి "ఉన్న కొమ్మకే పూత వచ్చింది" అని యున్నది. ఇప్పుడు నేను జిగురు వండుకొనునది ఆ కొమ్మ నీడనే.

అయితే ఒక్క వ్రాత మాత్రము నాకు బోధపడలేదు. శ్రీముఖ నామ సంవత్సరము, అనగా 1993, చైత్ర బహుళములో ఇట్లున్నది: "పాపకి జ్వరం. మూడో రోజు. కాలువ కట్టేశారు. మంచిదైంది."

కాలువ కట్టివేయుట యనగా నేమో ఆ ప్రాంతమున పుట్టని వారికి కొంచెము చెప్పవలెను. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర ఆనకట్ట నిర్మించినది 1847 మొదలు 1852 వరకు. దానికి మారుగా నేడున్న బ్యారేజి 1982లో పూర్తియయ్యెను. అచ్చటి నుండి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలోనికి పారును. కోనసీమ మధ్యడెల్టా. దాళ్వా పంట చేతికి వచ్చు వేళకు, సాధారణముగా ఏప్రిలు నెలలో, లాకులు దింపి కాలువలు కట్టివేయుదురు. తిరిగి జూనులో వదలుదురు. ఆ నడుమ పూడిక తీయుట, గట్లు బాగుచేయుట, గుర్రపుడెక్క తొలగించుట జరుగును. కట్టుటకు ముందే ఊరూర మంచినీటి చెరువులు నింపుకొందురు. నీరు తీసిన నాలుగు దినములు పిల్లలకు పండుగ; బురదగుంటలలో మిగిలిన మట్టగిడిసలను పట్టుటకు బడి యెగవేసిన వారిని నేను చాలమందిని శిక్షించితిని. పెద్దలకు మాత్రము అవి కష్టపు దినములు. స్నానమునకు నీరుండదు, పశువులకు నీరుండదు, బట్టలుతుకుటకు రేవుండదు. కాలువ కట్టివేసిరని విసుగుకొను వారినే గాని "మంచిదైంది" అను వారిని నేనెరుగను. అందులోను ఇంట బిడ్డకు జ్వరముగా నున్నపుడు!

నా భార్య నడుగుటకు ఏలనో నోరు రాలేదు. ఆ యేడు చైత్రమున నేను కాకినాడలో నుంటిని. పదవతరగతి జవాబు పత్రములు దిద్దుటకు పోయి, పదునొకండవ దినమున ఇల్లు చేరితిని. అందరును కులాసాయేనా యని నేనడుగుట, కులాసాయే యని ఆమె చెప్పుట నాకు జ్ఞాపకమున్నది. జ్వరపు మాట జ్ఞాపకము లేదు.

ఆ ఏప్రిలులో ఉగాదికి మా అమ్మాయి తన కుమారునితో రాజమహేంద్రవరము నుండి వచ్చినది. పండుగనాటి ఉదయమున తల్లీకూతుళ్లు వీధి అరుగు మీద కూర్చుండి, వేపపువ్వును అరచేతులతో నలిపి చేటలో చెరుగుచుండిరి. మా మనుమడు నేను కుట్టిన పంచాంగములను ఒక్కొక్కటిగా తిరుగవేయుచు, ఎఱ్ఱసిరా దిద్దుబాట్లను చూచి, "తాతగారూ, అమ్మమ్మకి ఎన్ని మార్కులు వేశారు?" అని అడిగెను. అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని అది పైనవ్వు. వాడు మరి కొన్ని తిప్పి శ్రీముఖ దగ్గర ఆగెను. బిగ్గరగా చదివి, "జ్వరమొస్తే కాలువ కట్టడం మంచిదెలా అవుతుంది అమ్మమ్మా?" అనెను.

నా భార్య తల యెత్తలేదు. మా అమ్మాయి చెప్పినది.

"నాకప్పుడు ఐదో ఏడు. మూడో రోజు రాత్రి ఒళ్లు కాలిపోయింది. డాక్టరుగారిల్లు కాలువకి అవతల. అర్ధరాత్రి బల్లకట్టు ఎవరు వేస్తారు? వంతెన మీంచి వెళ్లాలంటే రెండు మైళ్లు చుట్టు. ఆ ముందురోజే కాలువ కట్టేశారు. అమ్మ నన్ను భుజాన వేసుకుని కాలువలోకి దిగింది. పక్కింటి పిన్నిగారు లాంతరు పట్టుకుని ముందు నడిచారు. మోకాళ్ల దాకా బురద. అమ్మ చెప్పు ఒకటి బురదలో దిగిపోయింది. రెండోది తనే వదిలేసింది. తెల్లవారి వస్తుంటే ఆ బురదలో అమ్మ అడుగులు అలాగే ఉన్నాయి. అవి నాకు బాగా గుర్తు."

కొంత సేపటికి నేను, "నాకేల చెప్పలేదు?" అని నా భార్య నడిగితిని.

"చెప్తే ఏం చేస్తారు, కాగితాలు వదిలేసి వస్తారా? మీరొచ్చి కులాసాయేనా అన్నారు. అప్పటికి కులాసాయే. నేను అబద్ధం చెప్పలేదే!" అని ఆమె చేటలోని పొట్టు ఊదెను.

"నాన్నగారు కాకినాడ కాజాలు తెచ్చారు" అని మా అమ్మాయి నవ్వుచు తన కుమారునితో చెప్పినది. "జ్వరం పడిన నోరు, చేదుగా ఉంది. నేను తినలేదు. కాజాలు కూడా తినదేమిటీ పిల్ల అని కోప్పడ్డారు."

కాజాల పొట్లము తెచ్చుట నాకు జ్ఞాపకమున్నది. కోపపడుట జ్ఞాపకము లేదు. కాని అది నేననదగిన మాటయే. ఆ దినము పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైనదని మనుమడు గోలపెట్టెను. నేను రెండవమారు వేయించుకొంటిని.

ఆ సాయంకాలము, నేను దిద్దిన రెండు పంచాంగములను తీసి, ఎఱ్ఱసిరాను బ్లేడుతో గీకి తొలగింపవచ్చునేమో యని ఒకచోట ప్రయత్నించితిని. కాగితము చిల్లిపడెను గాని సిరా పోలేదు. అట్లే యుంచితిని. తక్కిన ముప్పదియెనిమిదింటిని కలము తాకకుండ కుట్టి అట్టలు వేసితిని. అక్షయను సయితము ఎండబెట్టి కుట్టితిని. అందు చదువుటకేమియు లేకపోయినను, అది లేనిచో వరుస తప్పును.

నేటి పంచాంగము మేకునకు వ్రేలాడుచుండును. దానికి దారముతో ఒక పెన్సిలు కట్టితిని. ఉదయమున కాలువగట్టు మీద నడచివచ్చి, పెరటి చుట్టును ఒకమారు తిరిగి, క్రొత్తగా కనబడినదేదైన వ్రాయుట నాకు ఇప్పుడు నిత్యకృత్యమైనది. మొన్న మాఘమున ఒక తెల్లవారుజామున, జిగురు గిన్నె కడుగుచుండగా, మామిడికొమ్మ మీద కోయిల కూసెను. తడిచేతులతోనే లోనికి పరుగెత్తి, ఆ నాటి తిథికి ఎదురుగా "కోయిల కూసింది" అని వ్రాసి, మా ఆవిడను పిలిచి చూపితిని.

ఆమె కండ్లజోడు పెట్టుకొని చదివి, "ఇవాళ మీరు విన్నారు. అది ఎనిమిది రోజులై కూస్తోంది" అనెను.

రబ్బరు తెచ్చి దానిని తుడిచివేసితిని. ఆమె ప్రక్కన నిలిచి, వెనుకకు లెక్కించి, తిథి చెప్పినది. ఆమె చెప్పిన చోట వ్రాసితిని.