కొండకొమ్మున కోర్నీలియా

మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఎవరైనా మెట్ల ఊరికి తీసుకెళ్తారా, మీరే చెప్పండి! మా అమ్మాయి తీసుకెళ్ళింది. పైగా, "గాలి మార్పు బాగుంటుందే అమ్మా" అని నచ్చజెప్పి మరీ.

అది మిలాన్‌లో ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ నాన్నగారు పోయినప్పటినుంచీ ఒకటే పోరు: "రాజమండ్రిలో ఒక్కదానివీ ఎందుకు, అంత ఇల్లు ఊడ్చుకుంటూ? అమ్మేసి నా దగ్గరకొచ్చెయ్" అని. ముందు మూడు వారాలు ఉండి చూస్తాను, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. వీసా కాగితాలూ వేలిముద్రలూ ఇవన్నీ అయ్యాక, సెప్టెంబరు నెలాఖరున నా పచ్చళ్ళ సీసాలతో సహా మిలాన్‌లో దిగాను. మొదటి ఆదివారమే ఈ ప్రయాణం.

మిలాన్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు వెళ్తే లా స్పెజియా అనే రేవు పట్నం వస్తుంది. అక్కడ చిన్న రైలు ఎక్కాలి. ఆ రైలు ప్రయాణమే ఒక తమాషా. కొండలోపల సొరంగం, చటుక్కున వెలుగు, కిటికీ నిండా నీలంగా సముద్రం, "అబ్బ" అనేలోపు మళ్ళీ చీకటి. 1874లో వేశారట ఈ లైను. అంతకుముందు ఈ ఊళ్ళకు కాలినడక, లేకపోతే పడవ. అంతే.

ఊళ్ళు మొత్తం ఐదు. మోంటెరొస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె. ఐదింటినీ కలిపి చింక్వె తెర్రె అంటారు, ఐదు నేలలు అని అర్థం. 1997లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. నాలుగు ఊళ్ళు నీళ్ళ ఒడ్డునే ఉంటాయి. కోర్నీలియా ఒక్కటే సముద్రానికి వంద మీటర్ల ఎత్తున, కొండకొమ్ము మీద. నలుగురు తోడికోడళ్ళు రేవులో బట్టలుతుక్కుంటుంటే ఐదో ఆవిడ మేడమీద నిలబడి చూస్తున్నట్టుంటుంది! అందుకే జనం కూడా అక్కడ కాస్త తక్కువ. ఊళ్ళో కాపురముండేవాళ్ళు మూడు వందలు కూడా దాటరు.

రైలు కింద సముద్రం పక్కనే ఆగుతుంది. పైకి చిన్న బస్సు ఉంది. మేం దిగేసరికి అది మా కళ్ళముందే వెళ్ళిపోయింది. మిగిలినవి మెట్లు. లార్దరీనా అంటారు. ఎర్రటి ఇటుకలతో కట్టినవి, అటు తిరిగి ఇటు తిరిగి 33 వరసలు, 370కి పైగా మెట్లు. తిరుమల మెట్లెక్కినవాళ్ళకి ఇదో లెక్కా అంటారేమో. నేనూ అలాగే అనుకుని బయల్దేరాను. మోకాళ్ళ పర్వతం దగ్గరైతే "గోవిందా" అని అరుస్తాం, పక్కవాళ్ళూ అందుకుంటారు, సగం బరువు అక్కడే తగ్గిపోతుంది. ఇక్కడ అరిస్తే ఎవరేమనుకుంటారోనని లోలోపలే అనుకున్నాను.

పదో మలుపు దగ్గర కూలబడ్డాను. అమ్మాయి నీళ్ళ సీసా ఇచ్చి, నా పక్కనే కూర్చుని, "ఈ ఆయాసంతోనేనా ఒంటరిగా ఉంటానంటున్నావు?" అంది. మెట్ల మీద తీసే మాటా అది! "అందుకేనా ఇక్కడికి తీసుకొచ్చావు, పరీక్ష పెట్టడానికా?" అన్నాను. అది మొహం తిప్పుకుంది. అక్కడినుంచి పై మెట్టుదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. మధ్యలో ఒకచోట చెయ్యి పట్టుకోవడానికొస్తే విదిలించుకున్నాను కూడా. తర్వాత బాధపడ్డాననుకోండి.

పైకెక్కాక మాత్రం కోపం గుర్తు లేదు. ఉన్నది ఒకటే ప్రధాన వీధి. దాన్ని వీధి అనడానికి మొహమాటంగా ఉంది, చేతులు చాపితే రెండువైపులా గోడలు తగిలే సందు. పైన ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తాడు, దానిమీద ఆరేసిన దుప్పట్లు. గడపల్లో పిల్లులు. పధ్నాలుగో శతాబ్దపు రాతి చర్చి ఒకటుంది, ముఖద్వారం పైన తెల్ల చలువరాతి గుండ్రటి కిటికీ, ముగ్గు వేసినట్టు. సందు చివర వీధి ఆగిపోయి ఒక చిన్న అరుగులాంటి మైదానం వస్తుంది. దాని కింద ఇంక ఏమీ లేదు, సముద్రమే. ఒకపక్క మనరోలా ఇళ్ళు, ఇంకోపక్క దూరంగా మోంటెరొస్సో. గాలికి నా చెంగు జెండాలా ఎగిరింది. పిన్నీసులు పెట్టుకోండమ్మా, చీరతో వెళ్తే.

ఆకలి సంగతి చెప్పాలి. మన శాకాహారులకి అక్కడ భయం లేదు, కానీ ఒక మెలిక ఉంది. ఆ ప్రాంతపు పచ్చడి పెస్తో. బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ చెట్టు గింజలు, ఉప్పు, ఆలివ్ నూనె, రెండు రకాల జున్ను. చలువరాతి రోట్లో చెక్క బండతో నూరతారు. పోపు లేదు, పొయ్యి ఎక్కించడం లేదు. ఉడికించిన సన్న పాస్తాలో, బంగాళాదుంప ముక్కలూ బీన్సూ కూడా వేసి, ఈ పచ్చడి కలిపి పెడతారు. పచ్చివాసన వస్తుందేమోనని భయపడ్డాను గానీ, రెండో ముద్దకే కలుపుకునే చెయ్యి ఆగలేదు. మెలిక ఎక్కడంటే, అందులో వేసే పర్మిజానో జున్నుని ఆవుదూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. పట్టింపున్నవాళ్ళు జున్ను లేకుండా అడగాలి. మనింట్లో చేసుకునేప్పుడైతే పైన్ గింజలకి బదులు జీడిపప్పు, జున్ను మానేసి కాస్త నిమ్మరసం. అన్నంలోకీ బాగానే ఉంది, మా పక్కింటావిడ సాక్ష్యం.

ఇంకోటి ఫరినాతా. ఇది అచ్చంగా శనగపిండి అట్టే! గ్లాసు పిండికి గ్లాసున్నర నీళ్ళు పోసి, ఉప్పు వేసి, ఉండల్లేకుండా కలిపి నాలుగైదు గంటలు వదిలెయ్యాలి. పైన తేలిన నురగ తీసేసి, ఆలివ్ నూనె ధారాళంగా పోసి, వాళ్ళయితే పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన మిరియాల పొడి. మనం మందపాటి ఇనప మూకుట్లో మూతపెట్టి కాల్చుకోవచ్చు. పచ్చిమిర్చి వెయ్యాలని చెయ్యి లాగుతుంది. వేసుకోండి, ఎవరూ చూడరు.

అన్నట్టు ఆ బేసిల్ ఆకు మనకు కొత్తదేం కాదు. ఎండాకాలం షర్బత్తులో వేసుకునే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే. వాసనలో కొంచెం తేడా, అంతే.

భోజనం అయ్యాక చిన్న చౌకులో బెంచీ మీద కూర్చున్నాం. అక్కడే ఒక ముసలావిడ. ఎనభై దాటి ఉంటాయి. నా చీర అంచు చూస్తోంది, అడగలేక. నేనే చెంగు ఆవిడ చేతిలో పెట్టాను. వేళ్ళతో రుద్ది చూసి నవ్వింది. ఆడవాళ్ళ మధ్య భాషెందుకు లెండి. ఆ తర్వాతి కబుర్లకి మా అమ్మాయి దుబాసి.

ఆవిడ కొండవైపు చూపించి చెప్పింది. మేం ఫొటోలు తీసుకుంటూ "ఎంత అందమో" అనుకున్నామే, ఆ కొండవాలు మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, అవి దేవుడిచ్చినవి కావు. నిటారు కొండని చెక్కి, రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, వెనక మట్టి నింపి, గజం గజం చేసుకున్న నేల అది. కొన్ని వందల ఏళ్ళ కష్టం. గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాళ్ళ సందుల్లోంచి వాననీరు జారిపోవాలి కదా, అందుకని. ఆ సందులు పూడితే నీరు నిలిచి గోడకి పొట్ట వస్తుంది, ఒకరోజు రాత్రి కూలిపోతుంది. మళ్ళీ చేత్తో కట్టాల్సిందే. ఇలా ఒట్టి రాళ్ళతో గోడకట్టే విద్యనే 2018లో యునెస్కో ఇంకో జాబితాలో చేర్చింది, ఇటలీతో కలిపి ఎనిమిది దేశాల పేరున.

చిన్నప్పుడు తనూ, వాళ్ళమ్మా ద్రాక్షగంపలు నెత్తిన పెట్టుకుని ఆ మెట్లు దిగేవాళ్ళట. నెత్తిమీద గుడ్డ చుట్టుకునే తీరు చేత్తో తిప్పి చూపించింది. మన చుట్టకుదురే! ఇప్పుడు కొండమీద ఒంటి పట్టా మీద పాకే బుల్లి బండ్లున్నాయి గంపలు మోయడానికి. కోసిన ద్రాక్షల్లో మంచివి ఏరి, మనం వడియాలు ఆరబెట్టినట్టు నీడలో తడకల మీద వారాల తరబడి ఆరబెట్టి, తియ్యటి సారాయం చేస్తారు. షాక్కెత్రా దాని పేరు. బారసాలకీ పెళ్ళికీ తీసే సీసా అది. నాకూ ఓ చిన్న గ్లాసు ఇవ్వబోయింది. దణ్ణం పెట్టాను.

అయితే ఆవిడ తోటలో గోడ కూలి మూడేళ్ళయిందట. కట్టేవాడు లేడు. పిల్లలు పట్నం వెళ్ళిపోయారు. ఊరంతా అంతే, తరాలుగా. సాగు వదిలేసిన చోట గోడలు జారతాయి, వాటితో కొండా జారుతుంది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకి పక్కనున్న వెర్నాజ్జా, మోంటెరొస్సో బురదలో కూరుకుపోయి మనుషులు పోయారు. కోర్నీలియా ఎత్తున ఉండబట్టి బతికింది. మరుసటేడు రియోమజ్జోరె, మనరోలాల మధ్య కొండ అంచున ఉండే పేరున్న నడకదారిలో రాళ్ళు పడి, దాన్ని మూసేస్తే, పూర్తిగా తెరవడానికి 2024 దాకా పట్టింది.

కొడుకు లా స్పెజియాలో ఉంటాడట. లిఫ్టున్న ఇల్లు, వచ్చెయ్యమంటాడట. అది వినగానే మా అమ్మాయి నా వంక చూసింది, నేను దాని వంక చూశాను. మరి మీరేమన్నారని అడగమన్నాను. ఆవిడ ఏదో పొడుగ్గా చెప్పింది. అమ్మాయి వింది, తలూపింది, నాకు మాత్రం చెప్పలేదు. "ఏమందే?" అంటే, "ఏం లేదులే, చలికాలం వెళ్తుందిట, మళ్ళీ తీగలు కత్తిరించే వేళకి వచ్చేస్తుందిట" అంది. అంత పొడుగు మాటకి ఇంతేనా అర్థం?

దిగేటప్పుడు బస్సు దొరికింది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకు శత్రువు, కాబట్టి మీరూ బస్సుకే దిగండి. ఇంకో మాట, వెళ్ళేవాళ్ళుంటే ఏప్రిల్, మే గానీ సెప్టెంబరు, అక్టోబరు గానీ పెట్టుకోండి. ఆగస్టు ఎండా, ఆ జనం మనవల్ల కాదు. చీర పర్వాలేదు గానీ కాళ్ళకి బూట్లే. పల్చటి చెప్పులతో కొండదారులు పట్టేవాళ్ళకి జరిమానా వేస్తామని 2019లో అక్కడి పార్కు వాళ్ళు హెచ్చరించారు. వాళ్ళ భయం వాళ్ళది, జారిపడ్డవాళ్ళని మోసుకొచ్చేది వాళ్ళే కదా.

తిరుగు రైల్లో, సొరంగం చీకట్లో ఉండగా అమ్మాయి తనంతట తనే చెప్పింది. "అక్కడ సుఖంగానే ఉంటుందిట అమ్మా. కానీ ఆ ఇంట్లో తనని ఎవరూ ఏమీ అడగరుట. ఉప్పెక్కడుందని కూడా." వెలుగొచ్చేసరికి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను సంచిలోంచి జంతికలు తీసి చేతిలో పెట్టాను. తింది.

మిలాన్‌లో మిగిలిన రెండు వారాలూ ఇంటి అమ్మకం మాట ఎత్తలేదు. ఒకరోజు మాత్రం ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "చింతపండు ఎక్కడ పెట్టావే?" అని అడిగింది. అది దాని వంటిల్లు, పెట్టింది అదే!

వచ్చాక వంటింట్లో డబ్బాలోని సబ్జా గింజలు ఓ చిటికెడు కుండీలో చల్లాను. వారానికే మొలకలొచ్చాయి. పెరటి ప్రహరీలో ఓ మూల ఇటుకలు ఊడి చాన్నాళ్ళయింది, మేస్త్రీకి కబురు పెట్టాను. సంక్రాంతికి అమ్మాయి వస్తానంది, పది రోజులు సెలవు పెట్టి. చలికాలం అక్కడికి నేను వెళ్ళడమా మానడమా అన్నది అప్పుడు తేల్చుకుంటాం, పెరట్లోనే కూర్చుని, మెట్ల మీద కాకుండా.