అట్టపెట్టెలో సైకిలు

సైకిలును విప్పడం కష్టమైన పని కాదు. అయితే ఎడమ పెడలు మర విపరీతంగా ఉంటుంది. కుడి పెడలును విప్పిన దిశలోనే దానినీ తిప్పబోతే మరింత బిగుసుకుంటుంది. ఆ సంగతి తెలిసి కూడా, తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం, జంగ్లీఘాట్‌లో ఒక సైకిలు దుకాణం అరుగు మీద పావుగంట సేపు దానితో కుస్తీ పట్టాను. దుకాణదారుడు చూసి చూసి, "అటు కాదు బాబూ, ఇటు" అంటూ స్పానరు అందుకున్నాడు.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, అందునా జంగ్లీఘాట్‌లో, ఉత్తరాంధ్ర యాస వినబడడం వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపవాసులలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. ఈ దుకాణదారుడి తాత చేపల వేటకై ఓడలో వచ్చి, మరి తిరిగి వెళ్ళలేదట.

కొత్త సైకిళ్ళు ఇక్కడికి ఓడలలో, అట్టపెట్టెలలో వస్తాయి. అలా వచ్చి ఖాళీ అయిన పెట్టె ఒకటి నాకు దక్కింది. చక్రాలలో గాలి తగ్గించి, హ్యాండిలును అడ్డంగా తిప్పి, ముందు చక్రాన్ని ఫ్రేముకు కట్టి, గొలుసుకు పాత వార్తాపత్రిక చుడుతూ అతడు అడిగాడు: "డిగ్లీపూర్ దాకా మొత్తం తొక్కీసినారా బాబూ?"

"ఆఁ" అన్నాను.

అది అబద్ధం. అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దాటిన తరువాత జారవాల రక్షితారణ్యంలో ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు దాదాపు 50 కిలోమీటర్లు వాహనాలన్నీ నిర్ణీత వేళలలో, పోలీసు కాపలాతో, వరుసగా సాగవలసిందే. సైకిలు మీద ఒంటరిగా పోయేవానికి అక్కడ తావు లేదు. రంగత్ బస్సు పైకి నా సైకిలును ఎక్కించి తాళ్ళతో బిగించినప్పుడు మనస్సు చివుక్కుమన్నది. ఎంతో కాలంగా కూడబెట్టుకున్న కోరికకు నడుమ కత్తెర పడినట్లయింది.

ఆ నిబంధన న్యాయమైనదని నాకు తెలియకపోలేదు. 1858లో శిక్షా స్థావరం వెలసిన తరువాత గ్రేట్ అండమానీయులు వేల సంఖ్య నుంచి కొన్ని పదులకు క్షీణించారు. 1877 నాటి తట్టువ్యాధి అందుకొక కారణం. 1990 దశకం చివరలో జారవాలు అడవి వెలుపలికి రావడం మొదలుపెట్టగానే, 1999లో అదే తట్టు వారినీ తాకింది. అరణ్యంలోని ఈ రోడ్డు భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రాకపోకలు నేటికీ సాగుతున్నాయి. ఇవన్నీ చదివినవాడినే. అయినా బస్సులో ఎవరో "అదుగో!" అనగానే అందరితోబాటు నేనూ లేచి, మెడ సాచి చూశాను. మలుపు దగ్గర ఒక తల్లి, చంకలో బిడ్డ. ఆమె మమ్మల్ని చూడలేదు. కూర్చున్న తరువాత చాలాసేపు పక్కవారితో మాట్లాడలేకపోయాను.

రంగత్ నుంచి మాయాబందర్, ఆస్టిన్ జలసంధి మీది చెంగప్ప వంతెన, డిగ్లీపూర్: అంతా చెమట, వాన, ఎగుడు దిగుడు. 732 మీటర్ల సాడిల్ పీక్‌ను దూరం నుంచే చూసి సరిపెట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కలేదు. ఏరియల్ బేలో ఓడ కోసం రెండు రోజులు కాచుకున్నాను. కారణం అడిగినవారికి సముద్రం మీద మక్కువ అని చెప్పాను.

విమానాశ్రయంలో పెట్టె 19 కిలోలు తూగింది. అనుమతించినది 15. తక్కిన నాలుగింటికి రుసుము చెల్లించాను. అంతలో తనిఖీవారు పెట్టె విప్పమన్నారు. పవర్‌బ్యాంకు పనిముట్లతో పాటు లోపలే ఉండిపోయింది. అది సరుకుల అరలో పోకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. దుకాణదారుడు అంత శ్రద్ధగా ముడివేసిన తాళ్ళను కోసి, మళ్ళీ నా చేతకాని ముళ్ళు వేశాను.

విమానం పడమటికి తిరిగిన తరువాత కుడివైపు కిటికీలోంచి ఉత్తరంగా చూశాను. కనుచూపు మేర అడవి. రోడ్డు ఎక్కడా కనబడలేదు. ఉన్నదని తెలుసు గనుక వెదికాను. ఇంతలో మబ్బు కమ్మింది. చెన్నై వరకు రెండు గంటల పైచిలుకు నీళ్ళే.

విశాఖపట్నంలో ఇల్లు చేరి పెట్టె విప్పితే వెనుక గేరు మార్చే భాగం వంగి ఉంది. ఎక్కడ దెబ్బ తిన్నదో ఎవరికెరుక? మా వీధి చివరి మెకానిక్కు దానిని సరిచేస్తూ, గొలుసులో చిక్కుకున్న ఎర్రమట్టి గోకి, "ఎంత దూరం తొక్కారు సార్?" అని అడిగాడు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు రోడ్డు లెక్క సుమారు 325 కిలోమీటర్లని చెప్పి, "అందులో బస్సెక్కిన దూరం తీసెయ్యి" అన్నాను.

"ఏం సార్, పంక్చరా?" అన్నాడు.

ఆ సాయంత్రం కొట్టు మూసేవేళ దాకా అక్కడే కూర్చుని, ఆ బస్సులో నేను లేచి నిలబడిన సంగతితో సహా, అంతా అతడికి చెప్పాను.